‘చాలు’ అని చెప్పేదెవరు?

పోయిన సంవత్సరం పదో తరగతిలో పోషణ పాఠం చెబుతూ, "ఆకలి ఎక్కడ వేస్తుంది?" అని అడిగాను. క్లాసంతా ఒక్క గొంతుతో "కడుపులో!" అంది. ఒక కుర్రాడు మాత్రం లేచి నిలబడ్డాడు. వాళ్ల నాన్నకు ఊరి బయట కోళ్లఫారం ఉంది.

"మాస్టారూ, మా షెడ్డులో బ్రాయిలర్ పిల్లలకి మెడ కింద సంచి ఉబ్బి ఉంటుందండి. చేత్తో పట్టుకుంటే దాణా నిండుగా తగులుతుంది. అయినా మళ్ళీ వెళ్ళి తింటూనే ఉంటాయి. ఆకలి కడుపులోనే ఉంటే, కడుపు నిండాక కూడా ఎందుకు తింటాయండీ?"

మంచి ప్రశ్న. కాని నేను జవాబు చెప్పేలోపే వెనక బెంచీలోంచి ఒకడు, "అవీ వీడిలాగే తిండిపోతులండీ!" అన్నాడు. ప్రశ్న అడిగిన కుర్రాడు కాస్త బొద్దుగా ఉంటాడు. క్లాసంతా గొల్లుమంది. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను.

ఆ నవ్వు ఎంత పని చేసిందో మధ్యాహ్నం తెలిసింది. బడి భోజనంలో రోజూ రెండోసారి అన్నం పెట్టించుకునే ఆ అబ్బాయి, ఆ రోజు ఒక్కసారితో పళ్లెం కడిగేసుకున్నాడు. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. ఇన్నేళ్లుగా సైన్సు చెబుతున్నవాణ్ణి, సైన్సు ప్రశ్నకు నవ్వును జవాబుగా ఇచ్చానే అని సిగ్గేసింది. ఆ కుర్రాడికి నేను బాకీపడిన జవాబే ఈ వ్యాసం. మీరూ వినండి.

పుట్టిన పిల్లకు ఆకలి తెలుసా?

ముందు కోడిపిల్ల దగ్గరినుంచే మొదలుపెడదాం. గుడ్డులోంచి బయటికి వచ్చేముందు పిల్ల, మిగిలి ఉన్న పచ్చసొనను తన పొట్టలోకి లాక్కుంటుంది. తల్లి కట్టి ఇచ్చిన చద్దిమూట అన్నమాట! దాని బలంతో రెండు మూడు రోజులు ఏమీ తినకపోయినా బతకగలదు. హేచరీలవాళ్లు ఒక్కరోజు పిల్లలను పెట్టెల్లో సర్ది దూరపు ఊళ్లకు పంపగలుగుతున్నది ఇందువల్లనే. అలాగని మేత ఆలస్యంగా పెట్టడం మంచిదనుకోకండి. మేత ఎంత త్వరగా అందితే పేగులు అంత చక్కగా ఎదుగుతాయి.

ఈ తొలి రోజుల్లో పిల్ల ముక్కు ఊరుకోదు. నూకగింజను పొడుస్తుంది, ఇసుక రేణువును పొడుస్తుంది, పక్కపిల్ల కాలివేలిని కూడా పొడుస్తుంది. చూసేవాళ్లు "పాపం, ఎంత ఆకలో!" అనుకుంటారు. శాస్త్రజ్ఞులు పరీక్షించి చూస్తే తేలింది వేరు. మొదటి రెండు మూడు రోజుల్లో పిల్ల పొడవటానికీ దాని ఆకలికీ దాదాపు సంబంధం లేదు. పొడిచి మింగినదానివల్ల ఒంటికి బలం వస్తుందనే అనుభవం కలిగిన తరవాతనే, ఆకలిగా ఉన్నప్పుడు ఎక్కువగా పొడవటం మొదలవుతుంది.

అంటే తినటం వేరు, ఆకలి వేరు. ఈ రెండింటినీ ముడివేసేది కడుపు కాదు, మెదడు.

ఆకలి ఇల్లు ఎక్కడ?

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. మనిషిలో అది బాదంపప్పంత ఉంటుంది. 1940లో అమెరికాలో హెదరింగ్‌టన్, రాన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకలలో దీని మధ్యభాగాన్ని దెబ్బతీసి చూశారు. ఆ ఎలుకలు అదుపు లేకుండా లావెక్కాయి. 1951లో మన దేశస్థుడైన బి.కె. ఆనంద్, యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రోబెక్‌తో కలిసి దీని పక్కభాగాలను పరీక్షించారు. అవి దెబ్బతిన్న ఎలుకలు ఎదురుగా ఆహారం ఉన్నా ముట్టుకోలేదు. ఈ ఆనంద్‌గారే తరవాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో శరీరధర్మశాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దారు.

అటు తరవాత కోళ్లమీద చేసిన ప్రయోగాలలో కూడా హైపోథాలమస్ దెబ్బతింటే తిండి తీరు మారిపోతుందని తెలిసింది. కడుపు అదే, కందనకాయ అదే, దాణా అదే. మారింది మెదడులో ఓ చిన్న చోటు మాత్రమే!

అయితే ఆ చోట ఒక మీట, ఈ చోట ఒక మీట ఉన్నాయనుకుంటే పొరపాటు. అసలు పని జరిగేది అక్కడి నాడీకణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయనాలవల్ల. హార్మోను అంటే ఒక గ్రంథిలో పుట్టి రక్తంలో ప్రయాణించి మరోచోట పనిచేసేదని మీరు చదువుకున్నారు. ఈ రసాయనాలలో చాలావరకు మెదడులోనే పుట్టి మెదడులోనే పనిచేస్తాయి. వీటిని న్యూరోపెప్టైడులు అంటారు. మెదడు హార్మోనులు అని మనం వాడుకగా అనుకోవచ్చు.

ముల్లుగర్ర, పగ్గం

ఎడ్లబండి తోలే మనిషిని చూశారా? ఒక చేతిలో ముల్లుగర్ర, ఇంకో చేతిలో పగ్గాలు. ఒకటి "పద" అంటుంది, రెండోది "ఆగు" అంటుంది. రెండూ ఉంటేనే బండి దారిన పోతుంది.

కోడిపిల్ల మెదడులోనూ అంతే. "తిను" అనే రసాయనాలలో ముఖ్యమైనది న్యూరోపెప్టైడ్ వై. దీన్ని 1982లో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో కజుహికో టటెమోటో అనే జపాన్ శాస్త్రజ్ఞుడు పందిమెదడు నుంచి వేరుచేశారు. 1987లో దీన్ని కోడిపిల్లల మెదడులోకి రవంత ఎక్కించి చూస్తే, అవి మామూలుకంటే ఎక్కువ మేత తిన్నాయి. దీనికి తోడుగా ఏజీఆర్‌పీ అనే మరో పెప్టైడ్ ఉంది. ఇది గడుసుది. "ఆగు" అనే రసాయనం పనిచెయ్యాల్సిన చోట అడ్డుగా కూచుని దాని మాట వినబడకుండా చేస్తుంది.

ఇక "చాలు" అనే జట్టు. ఆల్ఫా ఎంఎస్‌హెచ్ అందులో ఒకటి. పేగులోకి ఆహారం చేరినప్పుడు విడుదలయ్యే కొలిసిస్టోకైనిన్ ఇంకొకటి. మూడోది సీఆర్‌ఎఫ్. ఇది భయం, ఒత్తిడి కలిగినప్పుడు మెదడులో పైకి వచ్చే రసాయనం. కోడిపిల్లల మెదడులోకి దీన్ని ఎక్కిస్తే మేత బాగా తగ్గించేస్తాయి. పరీక్షనాడు పొద్దున అమ్మ ఇడ్లీ పెడితే మీకు సయించదే, ఎందుకో ఇప్పుడు కొంత ఊహించగలరు!

ఇన్ని రసాయనాలు ఒకదానితో ఒకటి తూగి, ఒంట్లో ఎంత శక్తి నిలవ ఉంది, పేగులో ఏముంది, ప్రమాదం ఏమైనా ఉందా అన్నీ లెక్కచూసుకుని, చివరకు ఒక్క మాటగా తేల్చేదే ఆకలి.

ఎలుకకో న్యాయం, కోడిపిల్లకో న్యాయం

ఇక్కడ ఒక తమాషా ఉంది. 1999లో జపాన్‌లో కోజిమా, కంగావా అనే శాస్త్రజ్ఞులు ఎలుక జఠరంలో గ్రీలిన్ అనే హార్మోనును కనుగొన్నారు. అది ఎలుకలలో ఆకలి పుట్టిస్తుంది, మనుషులలోనూ పుట్టిస్తుంది. "ఇదే ఆకలి హార్మోను!" అని అంతా సంబరపడ్డారు.

రెండేళ్ల తరవాత, 2001లో, జపాన్‌లోనే కొందరు దీన్ని కోడిపిల్లల మెదడులోకి ఎక్కించారు. పిల్లలు ఎగబడి తింటాయనుకుంటాం కదా? తినటం తగ్గించేశాయి! 2002లో కోడి సొంత గ్రీలిన్‌నే వేరుచేశారు. కందనకాయకు ముందుండే జఠరభాగంలో అది తయారవుతుంది. ఎలుక గ్రీలిన్‌లో 28 అమైనో ఆమ్లాలుంటే కోడిదానిలో 26. రెండూ దగ్గర చుట్టాలే, కాని ఆ ఇంట్లో ముల్లుగర్ర పట్టినది ఈ ఇంట్లో పగ్గం పట్టింది. కోడిపిల్లలో అది పైన చెప్పిన సీఆర్‌ఎఫ్ ద్వారా పనిచేస్తున్నట్లు తరవాత గమనించారు.

దీనినుంచి నేను నేర్చుకున్న నీతి ఒకటుంది. ఒక జీవిలో చూసింది మరో జీవికి అలాగే వర్తిస్తుందని చూడకుండా చెప్పకూడదు. ఒక మనిషిని చూసి మరో మనిషికి చెప్పేముందు కూడా కాస్త ఆగాలి.

పగ్గం వదులు చేసిందెవరు?

ఇప్పుడు మా కుర్రాడి ప్రశ్నకు వద్దాం. నాటుకోడిపిల్ల కాసేపు గింజలు ఏరుకుని, కాసేపు మట్టి గీరుకుని, కాసేపు తల్లిరెక్క కింద కునుకు తీస్తుంది. బ్రాయిలర్ పిల్ల ఎందుకలా ఉండదు?

కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో 1957 నాటి కోళ్లజాతిని, 1978 నాటి జాతిని అప్పటి లక్షణాలు మారకుండా పెంచుకుంటూ వచ్చారు. వాటిని 2005 నాటి బ్రాయిలర్ జాతితో పాటు ఒకే దాణా పెట్టి పెంచి చూశారు. ఆ ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. 56 రోజుల వయసులో 1957 నాటి కోడి 905 గ్రాములు తూగింది. 1978 నాటిది 1808 గ్రాములు. 2005 నాటిది 4202 గ్రాములు!

ఇది మందు మహిమ కాదు, దాణా మహిమ కాదు. ప్రతి తరంలోనూ త్వరగా బరువు పెరిగిన పిల్లలనే ఏరి, వాటిని తల్లిదండ్రులుగా ఉంచుతూ వచ్చిన ఫలితం. తిన్నది ఒంటబట్టే తీరు కూడా ఇందులో మారింది, నిజమే. కాని త్వరగా పెరిగే పిల్లను ఏరుతున్నామంటే, ఎక్కువ తినే పిల్లను కూడా ఏరుతున్నామన్నమాటే కదా!

దీనికి తిరుగులేని సాక్ష్యం అమెరికాలోని వర్జీనియాలో దొరికింది. పాల్ సీగెల్ అనే ఆచార్యుడు 1957లో ఒకే మందలోని తెల్ల ప్లిమత్ రాక్ కోళ్లతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఒక వంశంలో ప్రతి తరానికీ బరువైనవాటిని, మరో వంశంలో తేలికైనవాటిని ఏరుతూ పోయారు. ఏరటానికి గుర్తు ఒక్కటే, 56వ రోజు తూకం. తరాలు గడిచేకొద్దీ రెండు వంశాల మధ్య తేడా పది రెట్లు దాటింది. బరువు వంశంలోని కోళ్లు ఎంత పెట్టినా తినేవి, వాటికి మేత కొలిచి పెట్టాల్సి వచ్చింది. తేలిక వంశంలోని కొన్ని పిల్లలు అసలు తినటమే మొదలుపెట్టక, ఎదుట దాణా ఉండగానే చచ్చిపోయేవి.

1983లో ఈ రెండు వంశాల కోళ్లలోనూ హైపోథాలమస్‌లో "చాలు" అనే భాగాన్ని దెబ్బతీసి చూశారు. తేలిక కోళ్లు ఎక్కువ తిని లావెక్కాయి. బరువు కోళ్లలో మాత్రం ఏ మార్పూ రాలేదు. ఎందుకు వస్తుంది? తెగిన పగ్గాన్ని మళ్ళీ తెంచితే బండి వేగం పెరుగుతుందా?

చూశారా! తూకం చూసి ఏరినవాళ్లు మెదడును ఏరుతున్నామనుకోలేదు. త్రాసులో మాంసం కనబడుతుంది, "చాలు" అనే మాట కనబడదు. ఆ కనబడనిదే మారిపోయింది.

ఆకలి తీరని తల్లులు

మనం షాపులో కొనే బ్రాయిలర్ ఆరేడు వారాలలోపే మాంసమైపోతుంది. మరి దానికి తల్లి ఉండాలి కదా! ఆ తల్లి నెలల తరబడి బతికి గుడ్లు పెట్టాలి. దానికీ అదే ఆకలి. కడుపునిండా పెడితే విపరీతంగా లావెక్కి, కాళ్లు పట్టు తప్పి, గుడ్లు సరిగా పెట్టలేదు. అందుకని ఎదిగే వయసులో దానికి తినాలనిపించినంతలో పావు నుంచి సగం వరకే కొలిచి పెడతారు. పెట్టింది కొద్ది నిమిషాలలో అయిపోతుంది. తరవాత అవి ఖాళీ తొట్లను పొడుస్తూ, అటూ ఇటూ తిరుగుతూ ఉంటాయి.

"కోడికేం తెలుస్తుంది? దానికి కావలసినంత పెడుతూనే ఉన్నాం కదా" అనే మాట చాలాసార్లు విన్నాను. మెదడు వేరే చెబుతోంది. బ్రిటన్‌లో ఇటువంటి కోళ్లమీద జరిగిన పరిశోధనలో, మేత చాలాకాలం తగ్గించి పెట్టినప్పుడు వాటి హైపోథాలమస్‌లో "తిను" అనే ఏజీఆర్‌పీ తయారీ పెరిగి ఉన్నట్లు తేలింది. ఆ ఫలితాలు 2013లో ప్రకటించారు. కోడికి నోరు లేదు. కాని ఆకలి ఉందో లేదో దాని మెదడు రసాయనాలు చెబుతున్నాయి.

నా అభిప్రాయం చెబుతాను. నేను కోడిమాంసం మానెయ్యమని చెప్పను. మా ఇంట్లోనూ ఆదివారం కోడికూర వండుతారు. నా చిన్నప్పుడు పండక్కి మాత్రమే కనిపించిన మాంసం ఇవాళ కూలి ఇంటి పిల్లలకు కూడా అందుతోందంటే, అది ఈ కోళ్లవల్లనే. మా కుర్రాడి తండ్రివంటి రైతుల సంసారాలు వీటిమీదే నడుస్తున్నాయి. ఆయన చేసిన తప్పేమీ లేదు. హేచరీ ఇచ్చిన పిల్లను శ్రద్ధగా పెంచుతున్నారు.

కాని తెలియనప్పుడు చేసినది వేరు, తెలిశాక చేసేది వేరు. 1957లో తూకం ఒక్కటే చూసి ఏరటానికి, మెదడులో ఏం మారుతుందో తెలియదనే సాకు ఉంది. ఇవాళ ఆ సాకు లేదు. కోళ్లజాతులను తయారుచేసేవాళ్లు త్రాసుతో పాటు "చాలు"ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కాస్త నెమ్మదిగా పెరిగినా, కడుపు నిండితే ఆగగల పక్షులను ఏరాలి. ఇది జరగని పనేం కాదు. నెదర్లాండ్స్ వంటి దేశాలలో నెమ్మదిగా పెరిగే కోళ్ల మాంసం దుకాణాలలో అమ్ముతున్నారు. హైదరాబాదులోని కేంద్రప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ, పెరట్లో తిరిగి తినే పెంపకానికి తగినట్లు వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను రూపొందించింది. ఖరీదు కొంత పెరుగుతుందంటారు. పెరగవచ్చు. ఇప్పుడు ఆ ఖరీదు లేదని కాదు, దాన్ని మనకు బదులు కోడి చెల్లిస్తోంది.

తిండిపోతు అనేముందు

చివరగా మన సంగతి. 1994లో అమెరికాలో లెప్టిన్ అనే హార్మోను జన్యువును కనుగొన్నారు. ఎలుకలలో, మనుషులలో దీన్ని కొవ్వుకణాలు తయారుచేసి, "నిలవ సరిపడా ఉంది" అని మెదడుకు కబురు పంపుతాయి. కొందరు పిల్లలు, చాలా అరుదుగా, ఈ హార్మోను తయారుకాని లోపంతో పుడతారు. 1997లో ఇంగ్లండులో అటువంటి ఇద్దరు పిల్లలను గుర్తించారు. ఎంత తిన్నా తీరని ఆకలి వాళ్లది. 1999లో, ఈ లోపమున్న 9 ఏళ్ల పాపకు లెప్టిన్ ఇంజెక్షన్లు ఇచ్చిన ఫలితాన్ని ప్రకటించారు. ఆకలి అదుపులోకి వచ్చింది, బరువు తగ్గింది. ఆ పాపకు బుద్ధులు చెప్పినవాళ్లు అంతకుముందు ఎందరుంటారో! కావలసింది బుద్ధి కాదు, ఒక హార్మోను.

బొద్దుగా ఉన్న ప్రతి పిల్లవాడికీ ఈ లోపం ఉందని అర్థం చేసుకోకండి. అది చాలా అరుదని చెప్పాను కదా. ఎదిగే వయసు, ఆటలు, నిద్ర, ఇంటి తిండి, తల్లిదండ్రుల నుంచి వచ్చిన లక్షణాలు ఇలా ఎన్నో కారణాలుంటాయి. మంచి తిండి తినాలి, ఆడాలి, తిరగాలి అన్నవి ఎలాగూ ఉన్నవే. నేను చెప్పేది ఒక్కటే. ఆకలి అనేది ఒకరి గుణం కాదు. అది మెదడు వేసే లెక్క. పక్కవాడి లెక్క మనకు తెలియదు. తెలియనిదాన్ని చూసి నవ్వటం సైన్సు కాదు.

తరవాతి సోమవారం క్లాసులో ఈ సంగతులన్నీ చెప్పాను. నేను నవ్వటం తప్పని కూడా అందరిముందూ చెప్పాను. కుర్రాడు ఏమీ అనలేదు. తల వంచుకుని నోటుపుస్తకంలో హైపోథాలమస్ బొమ్మ వేసుకుంటున్నాడు. మధ్యాహ్నం భోజనాల వరసలో చూస్తే, రెండోసారి పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి వెనకే, ఆ వెనక బెంచీ వాడూ ఉన్నాడు.

ఈ సెలవుల్లో మీకు వీలైతే ఒక పని చేసి చూడండి. పిల్లలకోడి ఉన్న ఇంటికి వెళ్లి, దాని పిల్లల్లో ఒక్కదాన్ని ఎంచుకుని అరగంటసేపు కదలకుండా గమనించండి. అది ఎన్నిసార్లు పొడిచిందో, అందులో ఎన్నిసార్లు మింగిందో, ఎప్పుడు తనంతట తానే ఆగిపోయిందో రాసుకోండి. ఆగిన ఆ క్షణం దగ్గర ఒక గీత గీయండి. ఎవరూ అదిలించకుండా, గింజలు ఇంకా ఉండగానే అది ఆగింది. దాని చిన్న తలలో ఒక మాట పలికింది. ఆ మాట విలువ మీకు అక్కడ తెలుస్తుంది.